‘ఆయ్, అర్థమైందండి’ అంటే నమ్మకండి: మందులకీ, మీటర్లకీ వాడే విధానం తయారుచేయడం ఎలా

రాజోలు దగ్గర ఒక పల్లెలో పెద్దావిడ ఒకరు షుగర్ మీటర్ నా ముందు పెట్టి, "ఇది పొద్దున్నుంచీ హాయ్ అంటోంది బాబూ, నేనేం చెయ్యాలి?" అన్నారు. చూస్తే తెర మీద నిజంగానే ఇంగ్లీషు హెచ్, దాని పక్కన ఐ ఉన్నాయి. చాలా మీటర్లలో షుగర్ 600 దాటితే అంకె బదులు అవే వస్తాయి. అది ‘హై’. మీటర్ కొలవలేనంత ఎక్కువగా ఉంది, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలని దానర్థం. ఆవిడకి ఆ రెండక్షరాలూ మనవడు రోజూ ఫోన్లో పంపే పలకరింపుగానే తెలుసు.

ఆ మీటర్‌కి లైసెన్స్ ఉంది. డబ్బాలో పదహారు భాషల్లో కాగితం ఉంది, అందులో తెలుగూ ఉంది. చట్టం అడిగినవన్నీ ఉన్నాయి. అయినా ఆవిడ నాలుగు గంటలు అలాగే కూర్చున్నారు.

మందులు, వైద్య పరికరాలు, పురుగు మందుల లాంటి వస్తువులకి వాడే విధానం రాసేవాళ్ళ కోసం, వాటి తెరలూ మీటలూ తయారుచేసేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నేను చేసే పని ఇదే. ఏ కొత్త కాగితం రాసినా ముందు కోనసీమ తీసుకెళ్ళి మా వాళ్ళ చేతుల్లో పెట్టి చూస్తాను.

ముందుగా: ఇది చివరికి ఎవరి చేతిలోకి వెళ్తుంది?

కంపెనీ వాళ్ళని అడిగితే ‘రైతు’ అంటారు, ‘పేషెంటు’ అంటారు. ఆ మాటతో సరిపెట్టుకోకండి. డబ్బా కొట్లోంచి బయటికొచ్చిన దగ్గర్నుంచి ఎవరెవరి చేతులు మారుతుందో కాగితం మీద గీయండి.

పురుగు మందే తీసుకోండి. దాళ్వాలో, అంటే రెండో పంట వరిలో, దోమపోటు వచ్చింది. ఏ మందు కొట్టాలో చెప్పేది కొట్టాయన. కొనేది కౌలు రైతు. ట్యాంకు భుజానికి తగిలించుకుని చేలో దిగేది ఎకరానికింత అని మాట్లాడుకుని వచ్చిన కూలీ. సీసా మీదున్న అట్టపెట్టె కొట్టు దగ్గరే చింపేస్తారు, లీఫ్‌లెట్ దాంతోపాటే పోతుంది. 1971 నాటి ఇన్‌సెక్టిసైడ్స్ రూల్స్ ప్రకారం ఆ లీఫ్‌లెట్‌లో వాడే పద్ధతి, విషం సోకితే కనిపించే లక్షణాలు, ప్రథమ చికిత్స, విరుగుడు అన్నీ ఉండాలి. ఉంటాయి కూడా. కానీ విషం మీద పడే అవకాశం ఎవరికి అందరికన్నా ఎక్కువో, అతను ఆ కాగితం చూడడు. కాబట్టి అతనికి తప్పనిసరిగా తెలియాల్సిన నాలుగు ముక్కలు సీసా మీదే, మూతకి దగ్గర్లో ఉండాలి. లీఫ్‌లెట్‌లో ఉంది కదా అంటే, అతని వరకు లేనట్టే.

ఇన్సులిన్‌కీ ఇదే లెక్క. రాసిచ్చేది డాక్టరు, వేసేది కోడలో, పక్కింటి ఆర్‌ఎంపీనో. కోడలు పుట్టింటికెళ్ళిన వారం రోజులూ వేసేది మావయ్య గారే. మీరు రాసేది ఆ వారం కోసం అనుకోండి.

ఎక్కడ వాడతారో కూడా అప్పుడే రాసిపెట్టుకోండి. ‘చల్లని, పొడి ప్రదేశంలో ఉంచండి’ అని ప్రతి డబ్బా మీదా ఉంటుంది. శ్రావణ మాసంలో కోనసీమలో పొడి ప్రదేశం ఎక్కడుందో నాకు చూపించండి, నేనూ వెళ్ళి పడుకుంటాను. జాడీలో ఉప్పు నీరుకారిపోయే రోజులవి. షుగర్ స్ట్రిప్పులు చెమ్మ తగిలితే పాడవుతాయి, తప్పు అంకె చూపిస్తాయి. అందుకని ‘పొడి ప్రదేశం’ అని వదిలెయ్యకుండా ‘స్ట్రిప్ తీసిన వెంటనే డబ్బా మూత గట్టిగా నొక్కండి. స్ట్రిప్పులు వేరే డబ్బాలో పోసుకోకండి’ అని రాయాలి. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంక గ్రామాల్లో రోజుల తరబడి కరెంటు లేదు. ఫ్రిజ్‌లో పెట్టమని చెప్పే కాగితం, ఫ్రిజ్ ఆగిపోతే ఏం చెయ్యాలో కూడా చెప్పాలి. చాలా రకాల ఇన్సులిన్‌ని, వాడటం మొదలుపెట్టాక, మరీ వేడి తగలకుండా సుమారు నాలుగు వారాలు బయట ఉంచొచ్చు. మీ రకానికి ఆమోదం పొందిన రోజులూ డిగ్రీలూ ఎంతో అవే రాయండి. ఆ ఒక్క వాక్యం లేకపోతే జనం మంచి మందు పారేస్తారు, లేదా పాడైన మందు వేసుకుంటారు.

తర్వాత: ఏ తప్పు ప్రాణం మీదికి తెస్తుంది?

వాడే పనిని అడుగులుగా విడగొట్టండి. సంచీలోంచి తియ్యడం, మూత విప్పడం, గీత చూడటం, లాగడం, గుచ్చడం, పారెయ్యడం. ఒక్కో అడుగు పక్కనా ‘ఇక్కడ చెయ్యి ఎలా పొరబడొచ్చు, పొరబడితే ఏమవుతుంది’ అని రాయండి. వైద్య పరికరాల్లో ఈ పనికి ఐఈసీ 62366-1 అనే ప్రమాణం ఉంది. 2015లో వచ్చింది, 2020లో సవరించారు. ప్రమాదాల లెక్కకి ఐఎస్ఓ 14971, దాని తాజా కూర్పు 2019ది. ఈ నంబర్లు చూసి టెన్షన్ పడొద్దు. వాటిలో అసలు సంగతి, మా అమ్మ గ్యాస్ కట్టేసిందో లేదో వెనక్కొచ్చి చూసుకోవడం లాంటిదే: ఎక్కడ పొరపాటు జరిగితే కొంప మునుగుతుందో ముందే తెలిసుండటం.

ఒక ఉదాహరణ దగ్గర్నుంచి చూద్దాం. మన దేశంలో సీసాల్లో దొరికే ఇన్సులిన్‌లో ఎక్కువ భాగం మిల్లీలీటరుకి 40 యూనిట్లది. ఇన్సులిన్ పెన్నులో వేసే కార్ట్రిడ్జ్‌లో, అంటే చిన్న గాజు గొట్టంలో, మిల్లీలీటరుకి 100 యూనిట్లుంటాయి. సిరంజిలూ రెండు రకాలు. 40 దానికి ఎర్ర మూత, 100 దానికి నారింజ మూత. మా పెద్దమ్మకి ఒకసారి పెన్ను విరిగిపోయింది. కొత్తది రేపు తెస్తామని, ఆ పూటకి కార్ట్రిడ్జ్‌లోంచే సిరంజితో లాగి వేశారు. ఇంట్లో ఉన్నది ఎర్ర మూత సిరంజి. 20 గీత దాకా లాగారు. ఆ గీత దగ్గర ఉండేది అర మిల్లీలీటరు. కార్ట్రిడ్జ్‌లోది కాబట్టి ఆ అర మిల్లీలీటర్లో 50 యూనిట్లున్నాయి. అంటే రెండున్నర రెట్లు. గంటలోపే చెమటలు పట్టి, మాట తడబడింది. బెల్లం నీళ్ళు పట్టించి ఆస్పత్రికి పరిగెత్తారు కాబట్టి బయటపడింది. దీనికి తిరగేసి చేస్తే, అంటే 40 యూనిట్ల సీసాలోంచి 100 సిరంజితో 20 గీత దాకా లాగితే, లోపలికెళ్ళేది 8 యూనిట్లే. షుగర్ పెరుగుతూనే ఉంటుంది, ఎందుకో ఎవరికీ అంతుపట్టదు.

ఇప్పుడు ఆ మూతల రంగులు గుర్తుచేసుకోండి. ఎరుపు ఒకటి, నారింజ ఒకటి. మా పెద్దమ్మని అడిగితే రెండూ ఎర్రవే.

ఇంకో అడుగు అందరూ తేలిగ్గా వదిలేస్తారు: వేలు గుచ్చే ముందు చెయ్యి కడుక్కోవడం. కాగితం మీద ‘చేతులు శుభ్రపరచుకొనుము’ అని ఉంటుంది, ఎందుకో ఉండదు. ఆత్రేయపురంలో పూతరేకులు చుట్టే చేతికి పంచదార పొడి అంటుకునే ఉంటుంది. మామిడి పండు చెక్కు తీసిన చేతికి రసం ఉంటుంది. ఆ వేలు గుచ్చి స్ట్రిప్‌కి ఆనిస్తే మీటర్ రక్తంలో చక్కెరతోపాటు వేలి మీద చక్కెర కూడా కొలుస్తుంది. అంకె చూసి హడలిపోయి ఇన్సులిన్ ఎక్కువ వేసుకుంటే ఏమవుతుందో పైన చూశాం. ‘వేలికి పండు రసం, పంచదార ఉంటే అంకె తప్పుగా ఎక్కువ వస్తుంది. సబ్బుతో కడిగి, తుడిచి, అప్పుడు గుచ్చండి’ అని రాయండి. కారణం తెలిస్తే మనిషి చేస్తాడు.

కాగితం కన్నా ముందు వస్తువుని మార్చండి

హెచ్చరిక రాయడం చవక. అందుకే అందరూ ముందు దాని జోలికే వెళ్తారు. పద్ధతి ప్రకారం అది చివరి మెట్టు. తప్పు చెయ్యడానికే వీల్లేకుండా వస్తువుని మార్చగలరా అన్నది మొదట. కుదరకపోతే మధ్యలో అడ్డం పెట్టగలరా అన్నది రెండోది. ఆ రెండూ కాకపోతేనే రాత.

ఆస్పత్రిలో చిన్న ఆక్సిజన్ సిలిండర్ వాల్వ్ మీద రెండు రంధ్రాలుంటాయి, దాన్ని బిగించే చోట రెండు పిన్నులుంటాయి. మత్తు గ్యాస్ సిలిండర్‌కి రంధ్రాలు వేరే చోట. ఒకదాని చోట ఇంకోటి పెట్టబోతే కూర్చోదు. నైట్ డ్యూటీలో నిద్రమత్తులో ఉన్న మనిషిని కూడా ఆ పిన్నులు కాపాడతాయి, చదవాల్సిన పని లేదు.

అయితే అడ్డం పెట్టినప్పుడు అది ఎవరికి అడ్డమవుతుందో కూడా చూసుకోవాలి. పిల్లలు తియ్యలేని మూతలున్నాయి కదా, నొక్కి తిప్పాల్సినవి. అమెరికాలో వాటిని పరీక్షించేటప్పుడు పిల్లలు తియ్యలేకపోవడం ఒక్కటే చూడరు, 50 నుంచి 70 ఏళ్ళ వాళ్ళు తియ్యగలగడం కూడా చూస్తారు. వేళ్ళు వంకర్లు పోయిన తాతగారు ఒకసారి తియ్యలేకపోతే రెండోసారి మూత పెట్టరు. అప్పుడు పిల్లలకి ఏ అడ్డమూ ఉండదు.

కొలత: వాళ్ళది వాడండి

పురుగు మందు లేబుల్ మీద మోతాదు హెక్టారుకి ఉంటుంది. గోదావరి జిల్లాల్లో హెక్టారు అన్న మాట రెవెన్యూ కాగితాల్లో తప్ప ఎవరి నోటా వినను. రైతుకి తెలిసింది ఎకరం, సెంటు. కూలీకి తెలిసింది ట్యాంకు. చేతిలో ఉన్న కొలత పాత్ర మూత. ఈ మూడింటికీ లేబుల్‌కీ మధ్య ఉన్న లెక్కంతా గట్టు మీద నిలబడి, ఎండలో, మనసులో చేసుకోవాలి.

ఆ లెక్క మీరు చేసి ఇవ్వండి. ఉదాహరణకి, ఆమోదించిన మోతాదు హెక్టారుకి 500 మిల్లీలీటర్లు, 500 లీటర్ల నీళ్ళు అనుకోండి. ఎకరానికి సుమారు 200 మిల్లీలీటర్లు, 200 లీటర్ల నీళ్ళు. ట్యాంకు 16 లీటర్లది, కాబట్టి ఎకరానికి పన్నెండున్నర ట్యాంకులు, ఒక్కో ట్యాంకుకి 16 మిల్లీలీటర్లు. లేబుల్ మీద పెద్దక్షరాలతో ‘16 లీటర్ల ట్యాంకుకి 16 మి.లీ.’ అని ఉండాలి. హెక్టారు లెక్క చట్టం కోసం దాని కింద ఉంటుంది, ఎవరూ కాదనరు. ఇక మూత. సీసా సీసాకీ మూత సైజు మారుతుంది, పాత సీసా మూతతో కొత్త మందు కొలవడం మా వైపు మామూలే. అందుకే మూత లోపల గీతలు పెట్టండి. అంతకన్నా మంచిది, ఒక ట్యాంకుకి సరిపడే పొట్లాలు. ఇది మళ్ళీ వస్తువుని మార్చడమే.

ఓఆర్‌ఎస్ పొట్లం సంగతీ అంతే. పెద్ద పొట్లం లీటరు నీళ్ళకి, చిన్నది 200 మిల్లీలీటర్లకి. పెద్ద పొట్లాన్ని ఒక గ్లాసులో కలిపితే ఉప్పు మోతాదు మించి పసిపిల్లలకి ప్రమాదం. ‘ఒక లీటరు’ అని రాస్తే చెంబుతో కొలుస్తారు, చెంబు ఎవరింట్లో ఎంతుంటుందో దేవుడికే తెలియాలి. కానీ లీటరు వాటర్ బాటిల్ లేని ఇల్లు లేదు ఇప్పుడు. ‘లీటరు వాటర్ బాటిల్ నిండా మంచినీళ్ళు, మొత్తం పొట్లం ఒకేసారి’ అనండి, పక్కన సీసా బొమ్మ వెయ్యండి.

ఓఆర్‌ఎస్ మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. పేరు కూడా వాడే విధానంలో భాగమే. డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా కాని తీపి డ్రింకులు చాలా ఏళ్ళు ఆ మూడక్షరాలు పేరులో తగిలించుకుని మందుల షాపుల్లోనే అమ్ముడయ్యాయి. విరేచనాలైన పిల్లకి అమ్మ ఆ డబ్బా కొనిచ్చేది. 2025 అక్టోబర్‌లో, మన దేశంలో ఆహార పదార్థాల నియంత్రణ చూసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ మాట వాడకూడదని చెప్పింది. కింద చిన్నక్షరాలతో ‘ఇది ఓఆర్‌ఎస్ కాదు’ అని రాసి చేతులు దులుపుకుందామనుకున్నవాళ్ళు ఆ ఆదేశం మళ్ళీ మళ్ళీ చదువుకోవాలి.

తెలుగు రాయడం

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే చాలా చోట్ల తెలుగు కాగితం అంటే ఇంగ్లీషు కాగితాన్ని చివరి వారంలో ఎవరికో ఇచ్చి మార్పించడం. ఇంగ్లీషు వాక్యంలో లేని ప్రమాదాలు తెలుగులో కొత్తగా పుడతాయి. మూడు చెప్తాను.

మొదటిది ‘మందు’. జ్వరానికి వేసుకునేదీ మందే, చేలో చల్లేదీ మందే, సాయంత్రం కొట్టు వెనకాల కూర్చుని తాగేదీ మందే. ‘మందు కొట్టాక అన్నం తినకండి’ అని ఒక ముసాయిదాలో రాసి చూపిస్తే మా వాళ్ళు పడీపడీ నవ్వారు. నవ్వు బాగానే ఉంది, కానీ సీసా మీద ఆ మాట ఎప్పుడూ ఒంటరిగా రాకూడదు. ప్రతిసారీ ‘పురుగు మందు’ అనే రాయండి, చోటు సరిపోకపోయినా సరే.

రెండోది ‘పచ్చ’. పురుగు మందు సీసా మీద డైమండ్ ఆకారంలో ఒక గుర్తుంటుంది. కింద సగంలో రంగు, పైన హెచ్చరిక. ఎరుపు అంటే అన్నిటికన్నా ఎక్కువ విషం, తర్వాత పసుపు, తర్వాత నీలం, చివరికి ఆకుపచ్చ. మన భాషలో పచ్చ అంటే ఆకు రంగూ అవుతుంది, పసుపు రంగూ అవుతుంది. అరటిపండు పచ్చగా పండిందంటాం, పచ్చగడ్డి అంటాం. ‘పచ్చ గుర్తు ఉంటే’ అని మీరు శిక్షణలో ఒక్క మాట జారితే, చాలా ఎక్కువ విషానికీ, అన్నిటికన్నా తక్కువ విషానికీ తేడా పోయింది. ‘పసుపు కొమ్ము రంగు’, ‘ఆకు రంగు’ అనండి. ఆకుపచ్చని చూసి ‘అయితే పర్వాలేదు’ అనుకోవడం కూడా ఉంది. పచ్చళ్ళ డబ్బా మీద ఆకుపచ్చ చుక్క అంటే శాకాహారం కదా, మంచిదన్న నమ్మకం అక్కడి నుంచి వచ్చింది. అదీ విషమే అని మాటల్లో చెప్పాలి.

మూడోది నా తప్పే. ఒక చిన్న కంపెనీ కోసం ఇన్సులిన్ భద్రపరిచే విధానం రాశాను. ‘ఫ్రీజర్‌లో పెట్టవద్దు’ అని రాశాను. ఇంతకన్నా సూటిగా ఏముంటుంది అనుకున్నాను. ఆరు పాయింట్ల అక్షరంలో అచ్చయింది. ఒకాయన కళ్ళజోడు లేకుండా చదివి ‘పెట్టవచ్చు’ అనుకుని, ఎండాకాలం కదా అని ఐసు గదిలో పెట్టారు. గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు.

ఇంటికొచ్చి ఆ రెండు మాటలూ ఒకదాని కింద ఒకటి రాసుకుని చూశాను. పెట్టవచ్చు. పెట్టవద్దు. నాలుగక్షరాల్లో ఒక్క అక్షరమే మారుతోంది, అదీ ద, చ ఒకే పోలికలో ఉన్న అక్షరాలు. ఒత్తు కాస్త పూడిపోతే రెండూ ఒకటే. పైగా తెలుగులో ‘కాదు’ అన్న సంగతి వాక్యం చివర్లో వస్తుంది. చదివేవాడు మొదటి మూడు ముక్కలు చూసి, మిగతాది తనకి తోచింది పూరించుకుంటాడు. కాగితం మడత సరిగ్గా అక్కడే పడితే ఇక చెప్పక్కర్లేదు.

అప్పట్నుంచి నేను పాటించేది ఇది. వైద్యానికీ విషానికీ సంబంధించిన కాగితంలో ‘వచ్చు’, ‘వద్దు’ రెండూ వాడను. చెయ్యాల్సిన పని ముందు చెప్తాను, చెయ్యకూడనిదాన్ని ఫలితంతో కలిపి చెప్తాను: ‘ఫ్రిజ్ తలుపులో, గుడ్లు పెట్టే చోట పెట్టండి. ఫ్రీజర్‌లో పెడితే గడ్డకట్టి పాడైపోతుంది.’ ఇందులో ఏ అక్షరం చెరిగిపోయినా అర్థం తిరగబడదు.

మిగతావి వేగంగా. ‘రోజుకి రెండుసార్లు’ అనకండి, ‘పొద్దున్న టిఫిన్‌కి ముందు, రాత్రి అన్నానికి ముందు’ అనండి. ‘పరగడుపున’ అని రాస్తే, టీ తాగితే పరగడుపు పోయినట్టా కాదా అని మా ఊళ్ళో సగం మంది అడిగారు. అందుకని ‘టీ, కాఫీ కూడా తాగకముందు’ అని కలపండి. ‘భద్రపరచుము’, ‘సేవించరాదు’ లాంటివి తీసి పారెయ్యండి, ఆ తెలుగు ఎవరికీ చుట్టం కాదు. టాబ్లెట్‌ని ‘గుళిక’ అనకండి. వరి చేలో చల్లే పురుగు మందు గుళికలు ఇంట్లోనే ఉంటాయి. ఇక, తెలుగుకి కింద ఒత్తులుంటాయి కాబట్టి వరుసకీ వరుసకీ మధ్య ఇంగ్లీషు కన్నా ఎక్కువ చోటు కావాలి. డిజైనర్ ‘పట్టట్లేదు’ అంటే వాక్యాలు తగ్గించండి, అక్షరం తగ్గించకండి.

బొమ్మల గురించి ఒక్క మాటే: బొమ్మ అందరికీ అర్థమవుతుందనేది కాగితం రాసేవాళ్ళ నమ్మకం. చెయ్యి మీద గొట్టంలోంచి నీళ్ళు పడుతున్న బొమ్మ చూసి ఒకాయన ‘చేతి మీద మందు పోసుకోవాలా?’ అన్నాడు. బొమ్మని కూడా వాక్యంలాగే పరీక్షించాలి.

తెరలూ, కూతలూ

పరికరం కూత పెడితే, ఎందుకు పెడుతోందో, ఇప్పుడేం చెయ్యాలో తెర మీద ఉండాలి. 1985 నుంచి 1987 మధ్య అమెరికా, కెనడాల్లో థెరాక్-25 అనే రేడియేషన్ యంత్రం ఆరుగురికి ప్రమాదకరమైన మోతాదు ఇచ్చింది. మూలకారణం సాఫ్ట్‌వేర్ లోపాలు. కానీ టెక్సస్‌లో జరిగిన రెండు ప్రమాదాల్లో తెర మీద వచ్చింది ‘మాల్‌ఫంక్షన్ 54’ అన్న మాట మాత్రమే. అలాంటివి రోజూ వచ్చి పోతుండేవి కాబట్టి, నడిపేవాళ్ళు పి అక్షరం నొక్కి ముందుకెళ్ళడానికి అలవాటు పడ్డారు. అందులో వాళ్ళ నిర్లక్ష్యం వెతికితే మీ పరికరం కూడా అదే దారిలో వెళ్తుంది.

కాబట్టి ఊరికే కూతలు పెట్టకండి. ప్రాణానికి సంబంధించినదానికి ఒక కూత, బ్యాటరీకి వేరే కూత. మీటర్ తెర మీద ‘హెచ్ ఐ’ బదులు ‘షుగర్ చాలా ఎక్కువ – డాక్టరుకి చూపించండి’ అని రావాలి. తెర చిన్నదైతే కనీసం ఎర్ర దీపం వెలిగి, మీటర్ వెనకాల అదే మాట స్టిక్కర్ మీద ఉండాలి. రాజోలు పెద్దావిడకి ఆ స్టిక్కర్ చాలు.

పరీక్ష

మా వైపు ‘ఆయ్’ అనే మాట ఒకటుంది. ‘విన్నానండి’ అని ఒక అర్థం, ‘సరేనండి’ అని ఇంకోటి, ‘ఇక వదిలెయ్యండి బాబూ’ అని కూడా ఒక్కోసారి. ‘అర్థమైందాండీ?’ అని అడిగారో, ‘ఆయ్, అర్థమైందండి’ అనే వస్తుంది. ఇంటికొచ్చిన మనిషిని చిన్నబుచ్చడం మర్యాద కాదు మరి. ఆ జవాబు రిపోర్టులో రాసుకుంటే మీకు నూటికి నూరు మార్కులు, ఉపయోగం సున్నా.

అందుకని అడగకండి, చేతికివ్వండి. ‘ఈ డబ్బా ఇప్పుడే కొట్లోంచి తెచ్చారనుకోండి. ఒక ట్యాంకుకి కలపండి’ అని సీలు వేసిన డబ్బా పెట్టి, మీరు మూడడుగులు వెనక్కి కూర్చోండి. సీసాలో రంగు నీళ్ళే ఉండాలి, అసలు మందు ఎప్పుడూ వద్దు. సూది పరీక్షకైతే బత్తాయి పండో స్పాంజో చాలు. ఏం చెప్పకండి. నోరు మూసుకుని ఉండటం ఈ పనిలో అన్నిటికన్నా కష్టం. ‘అది కాదండి, ఇటు తిప్పాలి’ అని నాలుక చివరిదాకా వస్తుంది. ఆ మాట అన్నారంటే ఆ మనిషితో పరీక్ష అయిపోయినట్టే.

చూడాల్సింది చేతిని. ఎక్కడ ఆగింది, ఎక్కడ వెనక్కి వచ్చింది, కాగితం తిప్పి చూశారా, పక్కవాళ్ళ వైపు చూశారా. సరిగ్గానే చేసినా మధ్యలో తడబడితే అదీ రాసుకోండి. ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు ఆ తడబాటే తప్పవుతుంది. అంతా అయ్యాక అడగండి: "ఇందాక ఇక్కడ ఆగారు కదా బాబాయ్ గారూ, అప్పుడేమనుకున్నారు?" అప్పుడు వచ్చే మాటలు బంగారం. కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయి వస్తే వెనక్కి పంపకండి, అలాగే చేయించండి. నిజంగా వాడేటప్పుడు కూడా కళ్ళజోడు అలాగే అల్మారాలో ఉంటుంది.

నాట్లప్పుడు, కోతలప్పుడు పిలవకండి. వచ్చినవాళ్ళకి ఆ రోజు కూలి ఇవ్వండి, టీ కాదు. మధ్యలో మార్చుకుంటూ చేసే పరీక్షలకి అయిదారుగురు చాలు. చూడండి, మార్చండి, మళ్ళీ ఇంకో అయిదుగురు. చివరి పరీక్షకి మాత్రం, అమెరికాలో మందులూ పరికరాలూ ఆమోదించే సంస్థ ఎఫ్‌డీఏ 2016 మార్గదర్శకంలో ఒక్కో రకం వాడకందారుకి కనీసం 15 మంది అని ఉంది. ఒక్కో రకం అంటే కోడలు ఒక రకం, ఆర్‌ఎంపీ ఒక రకం, తాతగారు ఒక రకం. అందరినీ కలిపి 15 చూపించి గట్టెక్కుదామనుకోకండి.

ఫైలు

‘ఇదంతా బాగుంది గానీ, రెగ్యులేటరీ వాళ్ళు ఒప్పుకోరు’ అని మీ ఆఫీసులో ఎవరో ఒకరు అంటారు. మన మెడికల్ డివైజెస్ రూల్స్ 2017లో వచ్చాయి, 2018 జనవరి 1 నుంచి అమలులో ఉన్నాయి. ఎ, బి, సి, డి అని ప్రమాదాన్ని బట్టి నాలుగు తరగతులు. లేబుల్ మీద ఉండాల్సినవి ఉండాలి, ఆమోదించిన మోతాదుని మీరు మార్చలేరు. కానీ ఏది పైన, ఏది పెద్దక్షరాల్లో, ఏ బొమ్మ, ఏ మాట అన్నది చాలా వరకు మీ చేతిలో పనే. మార్చినదాన్ని అనుమతికి పంపేటప్పుడు నాలుగు గళ్ళ పట్టిక జత చెయ్యండి: ఏ అడుగు, పరీక్షలో ఏం చూశాం, ఏం మార్చాం, మళ్ళీ చూస్తే ఏమైంది. ‘పెట్టవద్దు’ని ‘పెట్టవచ్చు’ అని చదివిన సంగతి అలా గడిలో కనిపిస్తే ఎవరూ వాదించరు.

ఆ పట్టికలో ‘వాడినవాళ్ళ తప్పు’ అని ఎక్కడా రాయకండి. ప్రమాణంలో కూడా వాడుకలో జరిగిన తప్పు అనే ఉంటుంది, ఎవరి మీదా నెట్టరు. ఒక్కో హెచ్చరిక ఎదురుగా అది ఏ ప్రమాదం కోసమో ఉండాలి. ఎదురుగా ఏమీ లేని హెచ్చరికలు తీసెయ్యండి. నలభై హెచ్చరికల మధ్య అసలైన నాలుగూ కలిసిపోతాయి.

బజార్లోకి వెళ్ళాక

నెలకోసారి అమలాపురమో, పాలకొల్లో, భీమవరమో వెళ్ళి ఒక మందుల షాపులో గంటసేపు నిలబడండి. షాపతను మీ వస్తువు ఇస్తూ నోటితో ఏం చెప్తున్నాడో వినండి. మీ కాగితంలో లేనిది చెప్తుంటే అది కాగితంలో ఉండాల్సిందేమో చూడండి. డబ్బా మీద పెన్నుతో ఏదైనా రాసిస్తుంటే దాన్ని ఫొటో తీసుకోండి. మీ తర్వాతి కూర్పుకి మొదటి ముసాయిదా అదే. పరికరం వల్ల ఎవరికైనా హాని జరిగిందని తెలిస్తే, 2015లో మొదలైన మెటీరియోవిజిలెన్స్ ప్రోగ్రామ్‌కి తెలియజేయాలి. ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దాన్ని చూస్తుంది.

కాగితం మార్చాక ఒక పని మర్చిపోతారు. పాత కాగితం ఉన్న డబ్బాలు కొట్ల వెనకాల అరల్లో ఆరు నెలలు ఉంటాయి. కొత్తదాని మీద తేదీ పెద్దగా వేసి, పాతవాటిని లెక్కపెట్టి వెనక్కి తెప్పించండి. నా ‘పెట్టవద్దు’ కాగితాల్లో కొన్ని రెండేళ్ళ తర్వాత కూడా ముమ్మిడివరంలో ఒక షాపులో కనిపించాయి. అడిగి తీసుకుని, నా బల్ల సొరుగులో పెట్టుకున్నాను.